శివరాత్రి తెల్లారి తొమ్మిదో తరగతి

సోమవారం పొద్దున తొమ్మిదో తరగతి హాజరు పట్టీ తీశాను. పేర్లు 38. పలికిన గొంతులు 15, అందులో నాలుగు ఆవలింతలతో కలిపి.

ముందు రోజు శివరాత్రి. అది ఈసారి, 2026లో, ఆదివారం పడింది. జనవరిలో స్టాఫ్ రూము గోడకు కొత్త క్యాలెండర్ తగిలించగానే మేమందరం ముందుగా వెతికేది ఇదే, ఏ పండగ ఆదివారం కింద పడి పోయిందా అని. శివరాత్రి పోయిందని అప్పుడే తెలిసి, మా సోషల్ మేడం నిట్టూర్చింది కూడా. పిల్లలకు మాత్రం ఆ బాధ లేదు. ఆదివారం ట్రాక్టర్లెక్కి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లారు, రాత్రంతా ఊరూరూ ఎత్తుగా కట్టి తెచ్చే ప్రభల లైట్ల కింద జాగారం చేశారు, తెల్లారాక ఇల్లు చేరి పడుకున్నారు. సోమవారం యథావిధిగా బడి ఉంది. కాగితం మీద.

సరే, తిరునాళ్ల ప్రభావం అనుకుని ఊరుకున్నా. మంగళవారం ఎనిమిది మంది వచ్చారు. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి కానీ వచ్చారు, ఏ ఊరి ప్రభ ఎత్తు ఎంతో నాకు చెప్పి మరీ కూర్చున్నారు. మిగతా పదిహేను మంది మంగళవారమూ రాలేదు, బుధవారమూ రాలేదు. వాళ్లు కొండకు పోయినవాళ్లు కాదు. మిరప చేలో ఉన్నారు.

నేను గుంటూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి, చిలకలూరిపేట వైపున్న ఒక ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పది పన్నెండేళ్లుగా టైమ్ టేబుల్ వేసే పని కూడా నా నెత్తినే ఉంది. ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేసిన 2025 ఆగస్టు 15 నుంచి బస్సులో నాకు ఖర్చు లేదు, సీటూ లేదు. తొమ్మిదిలోపు ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి కాబట్టి బస్సు దిగిన దగ్గర్నుంచి గేటు దాకా నేను నడిచే వేగం చూసి పిల్లలు నవ్వుతుంటారు. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆయన చొక్కా విప్పి దండెం మీద వేస్తే ఇల్లంతా తుమ్ములే. కాబట్టి మిరప కాలమంటే ఏంటో నాకు బడిలోనూ తెలుసు, ఇంట్లోనూ తెలుసు.

మిరప తోటకు కోత ఒక్కసారితో అయిపోదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటితే సంక్రాంతి అటూ ఇటూగా మొదటి కోత. అక్కడి నుంచి కాయ పండేకొద్దీ రెండో కోత, మూడో కోత, మార్చి దాకా సాగుతూనే ఉంటుంది. కోసిన కాయ కళ్లంలో ఆరబోయాలి, రోజూ తిరగెయ్యాలి, తాలు కాయ ఏరెయ్యాలి, మబ్బు పడితే పరుగెత్తి పట్టాలు కప్పాలి. ఇందులో పిల్లల చేతికి అందని పని ఒక్కటీ లేదు, అదే మా బడికి వచ్చిన చిక్కు. మగపిల్లలు కళ్లం కాపలాకు. ఆడపిల్లలు కోతకు, లేదంటే కోతకు పోయిన తల్లి వచ్చేదాకా చంటిదాన్ని ఎత్తుకుని ఇంటి దగ్గర.

బుధవారం సాయంత్రం బస్టాపు దగ్గర మా క్లాసు పిల్ల ఒకతి కనపడింది. "ఏమే, మూడు రోజుల్నించీ ఎక్కడున్నావ్?" అన్నాను.

"కళ్లం కాడ మేడం. మబ్బేసింది గదా."

"మీ నాన్న ఉన్నాడుగా?"

"నాన్న యార్డుకు పోయాడు. అమ్మ కోతలో ఉంది. కూలోళ్లను తగ్గించారు ఈ ఏడు."

కూలివాళ్లను ఎందుకు తగ్గించారో మా ఇంట్లో అడిగితే ఒక గంట ఉపన్యాసం వస్తుంది. పోయిన సీజన్లో ధర ఎంత పడిందంటే, కేంద్రం కల్పించుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర లెక్క కట్టాల్సి వచ్చింది. ఆ దెబ్బతో చేతిలో డబ్బాడక, ఈసారి మా ఊళ్లో చాలామంది ఇంటి మనుషులతోనే కోత లాగేస్తున్నారు. ఇంటి మనుషులంటే ఇంట్లో చదువుకుంటున్న మనుషులు కూడా. యార్డులో మిర్చి ధర పడితే మా బడిలో హాజరు పడుతుంది, ఏడాది తేడాతో. ఈ ముక్క నేను ఏ మీటింగులో చెప్పినా ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడు క్యాలెండర్ సంగతి. లెక్కల టీచర్ని కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

2025-26 విద్యా సంవత్సరం జూన్ 12న మొదలై ఏప్రిల్ 23న ముగుస్తుంది. మొత్తం 316 రోజులు. అందులో 83 సెలవులు, 233 పనిదినాలు అని ముందే లెక్క కట్టి ఇచ్చారు. సెలవుల్లో 45 ఆదివారాలు, 11 రెండో శనివారాలు. అవి తీసేస్తే దసరా, సంక్రాంతి, మిగతా పండగలన్నిటికీ కలిపి మిగిలేది 27 రోజులే. టీచర్లకు ఏడాదంతా సెలవులే కదా అనే మా మరిదికి ఈ లెక్క మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి కూడా అదే అన్నాడు.

విద్యాహక్కు చట్టం అడిగేది ఇంతకంటే తక్కువ. ఒకటి నుంచి ఐదు తరగతులకు 200 రోజులు, 800 గంటలు. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. ఆ వెయ్యిని 220తో భాగించండి. రోజుకు నాలుగున్నర గంటలు, పైన రెండు మూడు నిమిషాలు. మార్చిలో పెట్టే ఒంటిపూట బడి పొద్దున 7.45 నుంచి 12.30 దాకా. ఇంటర్వెల్ పోగా దాదాపు అంతే. మామూలు రోజుల్లో మాకు ఎనిమిది పీరియడ్లు, కొన్ని 45 నిమిషాలవి, కొన్ని 40వి. ప్రార్థనా భోజనమూ తీసేసినా ఐదున్నర గంటల చదువు. ఆ లెక్కన వెయ్యి గంటలు 182 రోజుల్లో నిండిపోతాయి.

అంటే మన బడుల్లో గంటలకు కరువు లేదు. అయినా ఎప్పుడూ గంటలే పెంచాలనుకుంటారు. 2024 నవంబరులో హైస్కూళ్లను సాయంత్రం ఐదు దాకా నడిపి చూద్దామని మండలానికొక బడిలో ప్రయోగం పెట్టారు. మాది ఆ బడి కాదు, బతికిపోయాం. నవంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది. పక్క పల్లె నుంచి మా బడికొచ్చే ఆడపిల్లలు పొలం గట్ల మీద రెండు కిలోమీటర్లు నడిచి పోవాలి. ఎనిమిదో పీరియడ్లో పిల్లల ముఖాలు ఒక్కసారి చూసినవాళ్లెవరూ తొమ్మిదోది పెడదామనరు. నాలుగింటికి బడి అయిపోతుంటే మూడున్నరకే సంచులు భుజానికెక్కుతాయి. ఐదింటి దాకా ఉంచితే నాలుగున్నరకు ఎక్కుతాయి. నా మటుకు నేను ఆ ఆలోచన పూర్తిగా తప్పనే చెబుతాను. శనివారం సంచీ లేకుండా రమ్మన్నది మాత్రం నాకు నచ్చింది. ఆ రోజు హాజరు తక్కిన రోజులకంటే బాగుంటుంది, ఎందుకో పిల్లల్నే అడగండి.

కొరత ఉన్నది రోజులకు. 233లోంచి 220 పోతే చేతిలో మిగిలేది 13. దసరా సెలవులు మొదట సెప్టెంబరు 24 నుంచి అన్నారు. టీచర్లు అడిగితే 22 నుంచే ఇచ్చారు. రెండు అక్కడ ఖర్చు. అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు బడులు మూశారు. మా దగ్గర వాన సెలవుల్ని తర్వాత రెండో శనివారం పని చేసి పూడుస్తాం. పూడ్చిన ఆ శనివారం ఎంతమంది వస్తారో మాత్రం అడక్కండి.

దసరా గురించి ఇంకొక్క మాట. ఆ సెలవుల్ని ఎవరైనా తగ్గిస్తే మా అక్క ఊరుకోదు. వాళ్లది విజయవాడ పక్కనున్న కానూరు. నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, దుర్గమ్మ దర్శనానికని మా వైపు చుట్టాలందరూ వాళ్లింట్లోనే దిగుతారు. ఆ రోజుల్లో బెజవాడలో బడి పెట్టినా బస్సులు కదలవు. గుంటూరు తీరు కొంచెం వేరు. ఇక్కడ 1842లో హయ్యర్ దొర అనే మిషనరీ వచ్చినప్పటి నుంచీ మిషన్ బడులున్నాయి. క్రైస్తవ మైనారిటీ బడులకు దసరా తగ్గించి, డిసెంబరు 21 నుంచి 28 దాకా క్రిస్మస్ సెలవులిచ్చారు. మా మేడ మీద అద్దెకున్న వాళ్ల ఇద్దరు పిల్లల్లో ఒకడు మిషన్ బడి, ఒకతి మునిసిపల్ బడి. ఇద్దరికీ ఒకేసారి సెలవులు దొరికేది సంక్రాంతికీ ఎండాకాలానికే అని వాళ్లమ్మ గోల.

మా అమ్మాయి విషయంలో నాకు ఆ గోల కూడా లేదు. ఇంటర్ మొదటి సంవత్సరం, విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీ. పేరెందుకులెండి. జనవరి 10 నుంచి 18 దాకా నా బడికి సంక్రాంతి సెలవులు. దానికి మూడు రోజులు. భోగి ముందు రాత్రి వచ్చింది, కనుమ నాడు గారెలు డబ్బాలో కట్టించుకుని వెళ్లింది. అదేంటని ఫోన్ చేసి అడిగితే, "మిగతా పేరెంట్స్ ఎవరూ అడగట్లేదు మేడం" అన్నారు. పక్క గదిలో మా అమ్మాయి స్నేహితురాలి వాళ్ల నాన్న కూడా ఇదే జవాబు విన్నాడట. అడిగిన ప్రతి ఒక్కరికీ మిగతావాళ్లు అడగట్లేదనే చెబుతారన్నమాట.

మళ్లీ మా అక్క దగ్గరికొస్తా. 2022లో జిల్లాలు విడగొట్టాక విజయవాడ నగరం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. కానూరు, పోరంకి కృష్ణా జిల్లాలో ఉన్నాయి. కృష్ణ దాటితే తాడేపల్లి, అది మా గుంటూరు జిల్లా. అటో ఇటో పది పన్నెండు కిలోమీటర్లలో ముగ్గురు కలెక్టర్లు. మా అక్క పని చేసేది పటమటలో, కొడుకు చదివేది కానూరులో. ఒకసారి వానకు ఈమె ఆఫీసున్న జిల్లాలో బడులకు సెలవిచ్చారు, వాడి బడి ఉన్న జిల్లాలో ఇవ్వలేదు. రాత్రి పది దాకా వాట్సాప్ గ్రూపులు తిరగేస్తూ కూర్చుంది. మబ్బులకు జిల్లా సరిహద్దు ఎలా తెలిసిందే అని నవ్వాను. తర్వాత బస్సులో ఆలోచిస్తే నవ్వులో పసే ఉందనిపించింది. వాన విషయంలో ఏ ప్రాంతానిది ఆ ప్రాంతమే తేల్చుకోమని వదిలేశారు. రాత్రికి రాత్రి సెలవిస్తారు, తర్వాత పూడుస్తారు, ఆకాశమేం విరిగి పడలేదు. మరి ఏటా ఒకే కాలానికి, చెప్పి మరీ వచ్చే మిరప కోతకు ఆ వెసులుబాటు ఎందుకు లేదు?

ఈ మాట స్టాఫ్ రూములో అన్నాను. మిరప పండే మండలాలకు సంక్రాంతి తర్వాత ఒక పది రోజులు కోత సెలవులిచ్చి, ఆ పది రోజుల్నీ వేసవి సెలవుల్లోంచి కోసుకోవచ్చు కదా అని. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 49 రోజులున్నాయి, అప్పటికి చేలల్లో మోడులు తప్ప ఏమీ ఉండవు.

తెలుగు మాస్టారు చేతిలో టీ గ్లాసు కింద పెట్టారు. ఆయన కింద పెట్టారంటే వాదనకు దిగుతున్నట్టు.

"ఏమ్మా, సెలవిచ్చి మనమే పిల్లల్ని చేలోకి తోలదామంటావా?"

"ఇప్పుడు ఎక్కడున్నారండీ? చేలోనే గదా."

"ఇప్పుడు తప్పు చేస్తున్నామని వాళ్ల అమ్మానాన్నలకన్నా తెలుసు. రేపు సెలవిస్తే ఆ తెలియడం కూడా పోతుంది."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదంటూనే, ప్రమాదం లేని సొంత ఇంటి పనిలో బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయపడొచ్చంటుంది. అంటే ఇవాళ కళ్లం కాపలా కాసే పిల్లాడు తప్పు చేస్తున్నట్టు, మే నెలలో అదే పని చేస్తే తప్పు లేనట్టు. మేలో కళ్లమే ఉండదు. కానీ మాస్టారి మాట కూడా తీసిపారేసేది కాదు. సొంత చేను ఉన్నవాడి కొడుకు సొంత చేలో ఉంటాడు. చేను లేనివాడి కొడుకు ఆ పది రోజులూ ఎవరి చేలో ఉంటాడు?

హెచ్.ఎం. సార్ అడ్డం వచ్చి వేరే ప్రశ్న వేశారు. "వేసవిలో పది రోజులు కోస్తే ఎటువైపు కోస్తావమ్మా?" అన్నారు. ఏప్రిల్ చివర కోస్తే మా రేకుల గదుల్లో పిల్లలు మాడిపోతారు. జూన్ మొదట్లో కోస్తే అది రోహిణి కార్తె, రోళ్లు పగిలే కాలం. మృగశిర వచ్చి నాలుగు రోజులయ్యాక జూన్ 12న బడులు తెరవడం ఎవరు పెట్టారో గానీ, ఊరికే పెట్టలేదు. అది కూడా ఒక్కోసారి కుదరదు. 2023లో తెరిచిన తర్వాత కూడా ఎండలు తగ్గక జూన్‌లో ఒంటిపూటే నడిపాం. నేను మే మొదటి వారం దాకా ఒంటిపూట నడపొచ్చన్నాను. 2022లో మే 5 దాకా నడిచాయి కదా, కరోనా తర్వాత. సార్ తలాడించారు. ఒప్పుకున్నట్టు కాదు, బెల్లు కొట్టే టైమైందన్నట్టు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే ఆయన తేలిగ్గా తీసేశారు. యార్డుకూ వేసవి సెలవులుంటాయి, మేలో. ఎండకూ ఘాటుకూ హమాలీలు తట్టుకోలేరని ఇస్తారు. "మా దగ్గర సరుకు ఎప్పుడు తగ్గుతుందో చూసి సెలవులు పెడతారు. మీ వాళ్లు చూడరా?" అన్నారు. మా క్యాలెండర్ రాష్ట్రం మొత్తానికి ఒక్కటే వస్తుందని చెప్పాను. అరకు లోయకూ అదే, ఆదోనికీ అదే, మాకూ అదే.

ఆదోని అంటే గుర్తొచ్చింది. సంక్రాంతి కాగానే కర్నూలు వైపు నుంచి లారీల్లో, ఆటోల్లో కుటుంబాలు దిగుతాయి మా ఊళ్లకు, కోతల కోసం. చేల పక్కన పట్టాలతో గుడిసెలు వేసుకుంటారు. పిల్లలు వెంటే వస్తారు. వాళ్ల పేర్లు అక్కడి బడిలో ఉంటాయి, వాళ్లు ఇక్కడ ఉంటారు. ఈ నెలలో అలాంటి ఇద్దరు ఆడపిల్లలు, ఒక పిల్లాడు మధ్యాహ్నం భోజనం వేళకు మా గేటు దగ్గర నిలబడ్డారు. హెచ్.ఎం. సార్ లోపలికి రమ్మన్నారు. వంట చేసే ఆమె లెక్కలు అడగలేదు, కంచాలిచ్చింది. పెద్దపిల్ల తిన్నాక వెళ్లిపోలేదు. ఆరో తరగతి గుమ్మం దగ్గర నిలబడి ఒక పీరియడ్ మొత్తం వింది.

ఆ రాత్రి విద్యాహక్కు చట్టం మళ్లీ తిరగేశాను. తొమ్మిదో సెక్షన్లో స్థానిక సంస్థలు చేయాల్సిన పనుల జాబితా ఉంది. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చుకునేలా చూడడం అందులో ఒకటి. దాని తర్వాత ఒక్క అంశం దాటితే, ఆ జాబితాలో చివరిది, విద్యా క్యాలెండర్‌ను నిర్ణయించడం. చదివి మళ్లీ చదివాను. క్యాలెండర్ తేల్చే పని చట్టం అప్పగించింది స్థానిక సంస్థకట. ఇన్నేళ్ల సర్వీసులో ఈ విషయం గురించి మా మండలంలో ఒక్క తీర్మానం జరిగినట్టు కూడా వినలేదు. మర్నాడు ఆ పేజీ మాస్టారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, "రాశారు" అన్నారు. అంతే అన్నారు.

నా చేతిలో ఉన్న క్యాలెండర్ ఒక్కటే, మా బడి టైమ్ టేబుల్. దాన్ని మార్చాను.

రాని పదిహేను మందిలో ఆరేడుగురు భోజనం వేళకు వస్తున్నారని వంటావిడ చెప్పింది. పొద్దున కోత కోసి, పన్నెండింటికి ఎండ ముదిరాక చేలోంచి ఇటే వస్తున్నారు, తిని మళ్లీ పోతున్నారు. తొమ్మిదో తరగతి లెక్కలు ఎప్పుడూ రెండో పీరియడే. పిల్లల బుర్రలు చురుగ్గా ఉండే టైమని లెక్కలవాళ్లం ఆ పీరియడ్లు ఎవరికీ వదలం. దాన్ని మాస్టారి ఐదో పీరియడ్‌తో మార్చుకుంటానని అడిగాను. భోజనమైన వెంటనే వచ్చే పీరియడ్ ఇచ్చి పొద్దుటి పీరియడ్ తీసుకోమంటే ఏ టీచరైనా ఎగిరి గంతేస్తాడు. ఆయన మాత్రం, "ఒంటిపూట బడులు మొదలయ్యేదాకానే" అన్నారు. ఆయనకూ ఆ పిల్లల సంగతి తెలుసు.

గురువారం ఐదో పీరియడ్‌కు తొమ్మిదో తరగతిలో ఇరవై తొమ్మిది మంది ఉన్నారు. పొద్దున యాప్‌లో ఎక్కిన హాజరు ఇరవై మూడే. మిగతా ఆరుగురూ ఆ లెక్క ప్రకారం బడికి రానట్టే. శంకువు ఘనపరిమాణం చెప్పాను. బోర్డు మీద బొమ్మ వెయ్యకముందే వెనక బెంచీ నుంచి ఒకడు, "కళ్లంలో రాశి మేడం" అన్నాడు. అదేరా అన్నాను. వ్యాసార్ధం ఎలా కొలుస్తావని అడిగితే అడుగులు వేసి చూపించాడు.

బస్టాపు దగ్గర కనపడిన పిల్ల కూడా వచ్చింది. నోట్సు తియ్యలేదు. ఏమే అంటే అరచేతులు చూపించింది. పొద్దున్నుంచీ కాయ కోసిన చేతులు, మండుతున్నాయట, పెన్ను పట్టుకోలేనంది. చూస్తూ విను, రేపు రాసుకో అన్నాను.

మార్చి మధ్యకల్లా ఒంటిపూట బడులు పెడతారు. అప్పుడు పన్నెండున్నరకే గంట కొట్టేస్తాం, భోజనం తర్వాత పీరియడ్లు ఉండవు. ఈలోపు వాళ్ల మూడో కోత అయిపోతుందేమోనని మా ఆయన్ని అడిగాను. కాయ ఇంకా పచ్చిగానే ఉందట.